అమ్మలూ, ఏడవని పిల్లలున్న ఇళ్ళకు ముందు వెళ్ళు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బడి తెరవడానికి రెండు వారాల ముందే, నీ ఒకటో తరగతిలో చేరబోయే పిల్లల ఇళ్ళన్నిటికీ వెళ్ళొస్తానని హెడ్మిస్ట్రెస్‌ను అడిగి ఒప్పించావట. "ఉన్న నాలుగు రోజులూ ఒళ్ళు దాచుకోమంటే ఇదేం పనక్కా, నువ్వైనా చెప్పు" అని వాపోయింది. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ముప్పై రెండేళ్ళు అదే తరగతికి చెప్పినదాన్ని. మొదటి రోజు బడి గుమ్మంలో నిలబడి పిల్లల్ని అందుకున్నానే తప్ప, అంతకుముందే వాళ్ళ గుమ్మం తొక్కాలన్న ఆలోచన నాకు ఒక్క ఏడూ రాలేదు. నీకు మొదటి ఏడే వచ్చింది. కడుపు నిండిపోయింది. భయమూ వేసింది. ఆ భయమేమిటో రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. సెలవుల్లో తప్పిన వేళను ఒక్క రాత్రిలో సరిచెయ్యడం ఎవరి వల్లా కాదు. పొద్దున లేపడం రోజుకో పావుగంట ముందుకు జరుపుకుంటూ రమ్మను. లేచిన వెంటనే పిల్లను వెలుతురులోకి తీసుకురమ్మను. ఒంటికి తెల్లవారిందని తెలిసేది ఆ వెలుగు వల్లే. రాత్రి పడుకోమని గద్దిస్తే నిద్ర రాదు, పొద్దున త్వరగా లేచిన పిల్లకు రాత్రి దానంతటదే వస్తుంది. పడుకోబోయే ముందు గంటసేపు ఫోను, టీవీ కట్టెయ్యమను. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలు, నీళ్ళ సీసాతో కలిపి. కొత్త బూట్లు వారం ముందు నుంచే ఇంట్లో తొడిగించి తిప్పమను. కళ్ళు ఒకసారి చూపించమను. బోర్డు మసగ్గా ఉందని ఆ వయసు పిల్లలు చెప్పరు, లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చేతికిచ్చెయ్. వాళ్ళింట్లో కూర్చునే అరగంటను వీటికి ఖర్చు పెట్టకు.

ఆ అరగంట దేనికో చెప్పాలంటే, నేను ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

ఉద్యోగంలో నాకది నాలుగో ఏడు. మొదటి రోజు గదంతా ఏడుపులు. ఒకడు కిటికీ ఊచలు పట్టుకొని వదలడు, ఒకతె నా చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. ఆ గోలలో ఒక్క పిల్లవాడు వాళ్ళమ్మ చెయ్యి తనే వదిలి, నేరుగా వచ్చి కూర్చున్నాడు. పెన్సిళ్ళు తీసి వరసగా పేర్చుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడండి, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో! మంచివాడంటే ఇలా ఉండాలి" అని మిగతావాళ్ళకు చూపించాను. మర్నాడూ చూపించాను. ఆ వారమంతా చూపించాను.

వాళ్ళమ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గర అడిగేది, "మావాడు ఎలా ఉన్నాడండీ?" అని. "మీవాడి గురించి మీకు బెంగే అక్కర్లేదండీ" అనేదాన్ని. ఏడ్చే పిల్లల తల్లులు నా కోసం నిలబడి ఉండేవారు, వాళ్ళ దగ్గరకు పోవాలన్న తొందర నాది. ఒకరోజు ఆవిడ, "ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూంలోకి పరిగెడుతున్నాడండీ" అంది. పిల్లలంతేనండీ అన్నాను. ఇంకోరోజు, "నీళ్ళ సీసా తెచ్చింది తెచ్చినట్టే తిరిగి తెస్తున్నాడు" అంది. ఆటలో పడి మరిచిపోతున్నాడేమో అన్నాను. ఆవిడ రెండుసార్లు చెప్పింది అమ్మలూ. రెండుసార్లూ నేను విన్నాను. రెండిటినీ కలిపి చూడలేదు.

నాలుగో వారం వాడు బడికి రాలేదు. చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని డాక్టరు చెప్పారట. మొదటి రోజు ఒంటికి వెళ్ళినప్పుడు లోపల గడియ బిగుసుకుపోయి, కాసేపు వాడికి తలుపు రాలేదు. ఎలాగో తనే తీసుకొని, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ అటు వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేకుండా ఉండాలని నీళ్ళు మానేశాడు. ఆరేళ్ళ పిల్లవాడు తనకు తానే ఉపాయం ఆలోచించుకొని, మూడు వారాలు రోజంతా బిగబట్టుకొని కూర్చున్నాడు, నా కళ్ళ ముందే.

చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఉన్నవాడు నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. నాకెందుకు చెప్పలేదు నాన్నా అని అడిగితే, "భయమేసిందని చెబితే నన్ను మంచివాడు అనరు కదా టీచర్" అన్నాడు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు బాగున్నాడన్నారు కదా అని నేనూ ఊరుకున్నానండీ" అంది. తిట్టినా ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

మర్నాడు ఆ గడియ పీకించేశాను. బయట తలుపుకు ఒక చెక్క వేలాడదీశాను, లోపల ఎవరైనా ఉంటే తిప్పి పెట్టడానికి. ఆ తర్వాత ఏ ఏడాదైనా మొదటి రోజు అక్షరం ముట్టలేదు. ముందు అందర్నీ వరసగా తీసుకెళ్ళి మరుగుదొడ్డి చూపించడం, తలుపు తీసి వెయ్యడం, నీళ్ళు పోయడం, చేతులు కడుక్కోవడం. రెండు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా, పంపేదాన్ని. తోటి టీచర్లు నాకది చాదస్తమనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను.

కాబట్టి ఇళ్ళలో నువ్వు అడగాల్సిందేమిటో ఇప్పుడు విను. పిల్ల తన గుండీ, జిప్పు తనే తీసి పెట్టుకోగలదా? సీసా మూత, డబ్బా మూత తీయగలదా? ఇంట్లో ఉన్న మరుగుదొడ్డి ఒక రకం, బడిలోది ఇంకో రకమా? అయితే బడి తెరవకముందే ఒకసారి తెచ్చి చూపించమను. ఒంటికి వెళ్ళాలంటే ఇంట్లో ఏ మాట వాడతారో అడిగి రాసుకో. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట ఉంటుంది, ఆ మాట నీకు తెలియకపోతే పిల్ల అడిగినా నీకర్థం కాదు. మలబద్ధకం ఉన్న పిల్లలెవరో కూడా మొహమాటపడకుండా అడుగు, వాళ్ళు ఒంటికి కూడా ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇంకోటి. "అల్లరి చేశావంటే మీ టీచరుతో చెబుతా" అని సెలవులంతా బెదిరించే ఇళ్ళుంటాయి. ఆ పిల్లలు నిన్ను చూడకముందే నీకు భయపడి ఉంటారు. ఆ మాట మానమని చేతులు పట్టుకొని బతిమాలు. వదిలి వెళ్ళేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దని చెప్పు. ఒక్కసారి అలా చేస్తే పిల్ల కళ్ళు ఆ రోజంతా తలుపు మీదే. "మూడింటికి వస్తా" అంటే ఆ వయసుకు అర్థం కాదు, "చివరి కథ అయ్యాక వస్తా" అంటే అర్థమవుతుంది. అన్నది అన్నట్టు రావాలి మరి. బడిలో బుద్ధిగా ఉన్న పిల్ల ఇంటికొచ్చి కాలిచెప్పు కోసం కూడా గోల చేస్తుంది, పొద్దుట్నుంచీ అణుచుకున్నదంతా తన మనుషుల దగ్గరే వదులుతుంది. అది ముందే చెప్పి ఉంచకపోతే పాపం దెబ్బలు తింటుంది.

నిన్ను తిట్టాల్సిందీ ఒకటుంది. ఎక్కడికెళ్ళినా పుస్తకం తెరిచి, గీతలు గీసి, గళ్ళు నింపే అలవాటు నీది. ఆ ఇళ్ళకు అలా వెళ్ళకు. తనిఖీకి వచ్చారనుకొని ఇల్లు సర్దుకుంటారు, పిల్లకు మంచి బట్టలు తొడిగి పద్యం చెప్పిస్తారు, నీకు కావలసింది మాత్రం చెప్పరు. కింద కూర్చొని పిల్లతో పాటు ఏదైనా ఆడు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రులుంటే వాళ్ళకు వీలైన వేళకే వెళ్ళు. పిల్లను చూసుకునేది అమ్మమ్మో తాతయ్యో అయితే వాళ్ళతోనే మాట్లాడు. "మావాడికి ఏ భయమూ లేదండీ, వాడసలు ఏడవడు" అన్న ఇంట్లో మరో పావుగంట ఎక్కువ కూర్చో. వీలైతే ఆ ఇళ్ళకే ముందు వెళ్ళు.

బడి తెరిచాక ఎవరికీ "బెంగ అక్కర్లేదు" అని చెప్పకు. చూసింది చెప్పు. ఇవాళ సీసాలో సగం తాగింది, రెండుసార్లు లేచి వెళ్ళింది, పక్కపిల్లతో ఇంకా మాట కలపలేదు. అంతే చాలు. మిగతాది వాళ్ళమ్మకు తెలుస్తుంది.

నీకు గుర్తుండదు గానీ, మొదటి రోజు నువ్వూ ఏడవలేదు. మీ అమ్మ మురిసిపోయి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది. నేను సాయంత్రం వచ్చి, ఎవరూ చూడకుండా నీ సంచిలోంచి సీసా తీసి ఊపి చూశాను. "దాహమేస్తోందా పెద్దమ్మా?" అన్నావు. అడుగున ఒక్క గుక్క మిగిలుంది. అది నాకే ఇచ్చావు.

ఇరవై ఆరు మందికి ఒక్కతెవి, మధ్యలో లేవడం కుదరదని నువ్వూ నీళ్ళు మానేస్తావు, నాకు తెలుసు, మేమంతా చేసిన పనే. పక్క గది టీచరుతో ఇప్పుడే మాట్లాడుకొని ఉంచు, నువ్వు వెళ్ళొచ్చే అయిదు నిమిషాలు పిల్లల్ని చూడమని. మాట్లాడావో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ