శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో తలకోన జలపాతం కాకుండా చూడ్డానికి ఏముంది?

జనవరిలో తిరుపతి వస్తున్నాం, దర్శనం అయ్యాక ఒక రోజు ఖాళీ ఉంది, తలకోన జలపాతం తప్ప పార్కులో ఇంకేమైనా ఉందా అని అడిగారు కదా. మాది తిరుపతే. నన్నడిగితే ఇక్కడ ముందు చూడాల్సింది నీళ్ళు కాదండీ, రాయి.

ఊళ్ళో నిలబడి ఉత్తరం వైపు తలెత్తితే కొండ పైభాగం అంతా నిట్టనిలువుగా ఎర్రగా ఉంటుంది, కిందకొచ్చేసరికి చెట్లతో వాలుగా దిగిపోతుంది. పైనున్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి అయిన రాయి, పొరలు పొరలుగా ఉంటుంది, కింద గ్రానైట్, దానికి పొరలుండవు. ఈ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది, జియలాజికల్ సర్వే వాళ్ళు బోర్డు కూడా పెట్టారు. రెండు రాళ్ళ వయసుకీ మధ్య కోట్ల ఏళ్ళ తేడా ఉంది, కానీ బస్సులో అందరూ ఆ టైంకి వాంతులు రాకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైన తిరుమలలో ఉన్న శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే, మెత్తటి పొరలు గాలికీ వానకీ అరిగిపోయి గట్టివి తోరణంలా మిగిలాయి.

పార్కుగా ప్రకటించింది 1989లో, 353 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఎండు అడవి, ఊటీలా పచ్చగా ఉంటుందనుకుని వస్తే డిసప్పాయింట్ అవుతారు. ఎర్రచందనం చెట్టు చూస్తే ఇదేనా అంత రేటు పలికేది అనిపిస్తుంది, బయటికి ఎరుపు ఏమీ కనపడదు, నల్లటి బెరడు మొసలి తోలులా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది, ఎరుపంతా లోపల చేవలోనే.

అలాగని తలకోన మానేయమనట్లేదు. భాకరాపేట మీదుగా యాభై అరవై కిలోమీటర్లు, కారుంటే హాయి. 270 అడుగుల జలపాతం అంటారు గానీ నీళ్ళు వాన మీదే, మాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకి పడతాయి, అందుకే జనవరి మొదట్లో అయితే పర్లేదు, ఏప్రిల్‌లో వచ్చినవాళ్ళు సన్నటి ధార చూసి తిట్టుకుంటూ పోతారు. నాకు జలపాతం కంటే ఆ కోన లోపల నడవడమే ఇష్టం, పైన ఎండ మండుతున్నా రాతి గోడల మధ్య నీడా తడీ ఉంటాయి, గిల్లతీగ మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకుతూ పోతుంది, దాని కాయ మూరెడు పైనే ఉంటుంది, చిక్కుడు జాతే అంటే నమ్మబుద్ధి కాదు. కోతులు మాత్రం జాగ్రత్త, చేతిలో కవర్ కనిపిస్తే లాగేసుకుంటాయి.

మీకున్నది ఒక్క రోజే కాబట్టి పొద్దున్నే తలకోన వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి, సాయంత్రం కపిలతీర్థం దగ్గర నిలబడితే ఎండ వాలేటప్పుడు పైనున్న ఎర్ర రాయి అంతా వెలుగుతుంది. శిలాతోరణం ఎలాగూ దర్శనానికి కొండెక్కిన రోజే చూసేయొచ్చు. యూట్యూబ్‌లో కొండల్లో అడవి లోపలుండే తుంబురు తీర్థం వీడియోలు చూసి అటు వెళ్దాం అనుకోకండి, అక్కడికి జనాన్ని వదిలేది ఫాల్గుణ పౌర్ణమికి జరిగే ముక్కోటి ఉత్సవానికే, మిగతా రోజుల్లో ఫారెస్ట్ వాళ్ళు వెనక్కి పంపేస్తారు.