ఆస్టియోపతీని నమ్మవచ్చా? పిల్లలకు ఆ చదువు చెప్పించవచ్చా?

విజయనగరం నుంచి మీరు అడిగింది రెండు సంగతులు. అమ్మగారికి చాన్నాళ్ల నడుం నొప్పి. ఒకాయన ఆస్టియోపతీ, అంటే ఎముకలనీ కీళ్లనీ కండరాలనీ చేతులతో నొక్కి, తోసి చేసే చికిత్స చేసి, "ఎముక జరిగింది, సరిచేశాను" అన్నారు. రెండు వారాలు హాయిగా ఉండి మళ్లీ పట్టేసింది. అసలిది వైద్యమేనా అని ఒకటి. బైపీసీ పాసైన మీ తమ్ముడు ఆ కోర్సులోనే చేరతానంటున్నాడు, చేర్పించవచ్చా అని రెండోది.

నేను పలాసలో ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఆస్టియోపతీ పద్ధతులు కొన్ని నేర్చుకున్నాను. కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను, కొన్ని వదిలేశాను. ఎందుకు వదిలేశానో చెబితే మీ రెండు ప్రశ్నలకీ జవాబు అందులోనే దొరుకుతుంది.

పదిహేనేళ్ల కిందట ఒక వారాంతపు శిక్షణకు వెళ్లి, తుంటి ఎముక ఒక పక్కకు తిరిగిందో లేదో వేళ్లతో ఎలా పట్టాలో నేర్చుకొచ్చాను. ఆ వారంలోనే జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని పిక్కలు కొట్టే పని. లేవాలంటే ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి ఆనించాల్సిందే. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుం కింద రెండు వైపులా సొట్టలు పడే చోట బొటనవేళ్లు పెట్టి చూశాను. కుడి వేలు కాస్త పైకి ఉన్నట్టు తోచింది. "తుంటి ఎముక జరిగిందమ్మా, సర్దుతాను" అన్నాను. కాలు మడిచి ఒక్క తోపు తోశాను. టక్కుమని శబ్దం వచ్చింది. ఆవిడ లేచి గది చివరి దాకా నడిచి వెనక్కి వచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నాకు పట్టరాని సంతోషం.

ఏడెనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చింది. నొప్పి పెద్దగా లేదంది. కానీ మనిషి నిట్టనిలువుగా బిగుసుకుపోయింది. కింద పడిన చెప్పు తీయాలన్నా నడుం వంచడం లేదు. ఏమైందమ్మా అని అడిగితే, "గుంటని ఎత్తడం ఒగ్గీసినాను బాబూ. ఎముక మల్లీ జారిపోతాదని బయం. పనికీ ఎల్డం నేదు" అంది. రెండేళ్ల మనవరాలు ఆవిడ కొంగు పట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది.

ఆ ఎముక ఎక్కడికీ జరగలేదండీ. జరిగిందన్న మాట నాది. ఆవిడని ఇంట్లో కూర్చోబెట్టింది ఆ మాటే.

తర్వాత చదివి తెలుసుకున్నాను. తుంటి ఎముక వెన్నెముకతో కలిసే కీలు కదిలేదే అతి కొద్దిగా. 1998లో స్వీడన్ పరిశోధకులు పదిమంది రోగులకు సర్దక ముందూ, సర్దిన తర్వాతా అతి సూక్ష్మంగా కొలిచే ఎక్స్‌రే పద్ధతితో చూశారు. కీలు ఉన్న చోటు మారనే లేదు. చేతులతో పరీక్షించినవాళ్లకు మాత్రం మారినట్టే అనిపించింది. ఆ టక్కు శబ్దం కీలు లోపలి ద్రవంలో వాయువు బుడగ ఏర్పడినప్పుడు వచ్చేది, ఎముక కుదురుకున్న చప్పుడు కాదు. ఒకే రోగిని ఇద్దరు నిపుణుల చేత తడిమిస్తే ఎముక ఏ పక్కకు తిరిగిందన్న దానిమీద ఇద్దరి మాటా తరచూ కలవదు. ఇది చాలా పరిశోధనల్లో బయటపడింది. ఆస్టియోపతీలో ఇప్పుడు నడుస్తున్న పెద్ద వాదం దీని చుట్టూనే. చేతి వైద్యం వల్ల ఎంతో కొంత ఉపశమనం ఉందని చాలామంది ఒప్పుకుంటున్నారు. ఎందుకు ఉందో చెప్పే పాత వివరణ మాత్రం నిలవడం లేదు.

ఆ ఉపశమనం ఎంతంటే, కొద్దిగా. బ్రిటన్‌లో 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 1334 మంది నడుం నొప్పి రోగులున్నారు. మామూలు చికిత్సకి చేతి వైద్యం కలిపితే మూడు నెలలకి కొంత మేలు, ఏడాది తిరిగేసరికి చాలా కొద్ది మేలు కనిపించింది. ఫ్రాన్స్‌లో 400 మందితో చేసినది 2021లో వచ్చింది. సగం మందికి అసలు ఆస్టియోపతీ, మిగతా సగం మందికి పైపైన తాకే ఉత్తుత్తి చికిత్స. పనులు చేసుకోగలగడంలో అసలు చికిత్స వాళ్లు కాస్త ముందున్నారు, నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ కాస్త తేడా కూడా రోగికి నిజంగా లెక్కకొస్తుందా అన్న సందేహాన్ని పరిశోధకులే రాశారు.

తాకితే హాయి అనిపించడంలో వింత లేదు. మన ఊళ్లలో నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకుంటారు కదా. బిగిసిన కండరం వదులవుతుంది, భయం తగ్గుతుంది, ఎవరో శ్రద్ధగా చూశారన్న నిబ్బరం వస్తుంది. పైగా నడుం నొప్పి దానంతట అదే పెరిగి తగ్గుతూ ఉంటుంది. మనం వైద్యుడి దగ్గరకి వెళ్లేది బాగా పెరిగినప్పుడే. అమ్మగారి రెండు వారాల హాయి నిజమే. అది ఎముక సర్దినందువల్ల వచ్చింది కాదు, అంతే.

ఇంత కొద్ది మేలైతే ఎందుకు వాడుతున్నావని అడగవచ్చు. నేను ఉద్దానం పక్కన ఉన్నాను కాబట్టి. మా అమ్మగారి ఊరు కవిటి వైపు. కిడ్నీ జబ్బు తగలని వీధి అక్కడ లేదు. ఆ జబ్బుకి ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఎంత చేటో తేలాల్సిందేమీ లేదు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసి వచ్చి నడుం నొప్పని మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని వేసుకుంటారు, చీటీ లేకుండా, నెలల తరబడి. నేను ప్రతి కొత్త రోగినీ మొదట అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అని, ఇంట్లో ఏం మాత్రలు ఉన్నాయని. కొందరు జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెడతారు, సగం ఖాళీగా.

అందుకే 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం నాకు మిగతావాటికన్నా ముఖ్యం. 178 మంది నడుం నొప్పి రోగులను తీసుకుని కొందరికి మామూలు వైద్యం, కొందరికి ఆస్టియోపతీ చేశారు. పన్నెండు వారాలకి ఇద్దరికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. ఆస్టియోపతీ వాళ్లు మాత్రం మందులు తక్కువ వాడారు. అమెరికా పత్రికల్లో అది చిన్న విషయంగా కనిపించవచ్చు. కంచిలిలో, సోంపేటలో ఒక నెల మాత్రలు తగ్గాయంటే నాకది చిన్న విషయం కాదు. అయితే ఆ పని వ్యాయామంతో, నడకతో, ధైర్యం చెప్పడంతో కలిపి చెయ్యాలి. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా 2016 నుంచి ఇదే చెబుతున్నాయి: చేతి వైద్యం ఒక్కటే వద్దు, వ్యాయామంతో కలిపితేనే.

ఇక చదువు. ఇక్కడ పేరు దగ్గరే మోసపోతారు, జాగ్రత్త. ఈ విద్య మొదలుపెట్టినది ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు. 1864లో మెదడు పొరల జ్వరానికి ముగ్గురు పిల్లలను పోగొట్టుకుని, అప్పటి మందుల మీద నమ్మకం పోయి, పదేళ్ల తర్వాత 1874లో ఈ కొత్త పద్ధతిని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. ఆ కాలేజీల సంతతి ఈరోజు అమెరికాలో పూర్తి స్థాయి డాక్టర్లు. డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అంటారు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. 2020 నాటికి వాళ్ల స్పెషలైజేషన్ శిక్షణ కూడా ఎండీలతో (అక్కడి మామూలు డాక్టర్లతో) ఒకే వ్యవస్థలో కలిసిపోయింది. అక్కడి వైద్య విద్యార్థుల్లో నాలుగో వంతుకు పైగా ఈ కాలేజీల వాళ్లే. కానీ వాళ్లలో చేతి వైద్యం చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. 2001లో వచ్చిన ఒక సర్వేలో సగానికి పైగా డీఓలు నూటికి ఐదుగురు రోగులకి కూడా అది చెయ్యడం లేదన్నారు. మరి చేయని పనిని కాలేజీలో వందల గంటలు ఎందుకు నేర్పాలని ఒక పక్షం, అది వదిలేస్తే మనకీ ఎండీలకీ తేడా ఏముందని ఇంకో పక్షం.

ఇంకా పదునైన తగువు పుర్రె మీద. పుర్రె ఎముకలు ఒక లయలో కదులుతాయని, దాన్ని వేళ్లతో పట్టవచ్చని విలియం సదర్లాండ్ అనే ఆయన చెప్పాడు. ఆ లయని ఇద్దరు పరీక్షకులు లెక్కపెడితే అంకెలు కలవవు. 2002లో ఒక అమెరికా ఆస్టియోపతీ కాలేజీ అధ్యాపకులు ఇద్దరు, దీన్ని పాఠాల్లోంచీ పరీక్షల్లోంచీ తీసెయ్యాలని రాశారు. ఇంటి లోపలినుంచే ఆ మాట అన్నందుకు నాకు వాళ్లంటే గౌరవం. అయినా పసిపిల్లల తలలు పట్టి డబ్బు తీసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ ఇంట్లో చంటిపిల్లలుంటే దయచేసి వెళ్లకండి.

బ్రిటన్‌లో సంగతి వేరు. 1993లో చట్టం చేసి ఆస్టియోపాత్ అన్న పేరుకి రక్షణ ఇచ్చారు, రిజిస్ట్రేషన్ లేనిదే ఆ పేరు పెట్టుకోకూడదు. వాళ్లు డాక్టర్లు మాత్రం కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన లెక్క ప్రకారం వైద్య నేపథ్యం లేనివాళ్లకి 4200 గంటల చదువు కావాలి, అందులో కనీసం 1000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడాలి. నేను వెళ్లిన శిక్షణ రెండు రోజులు. ఆ రెండు రోజుల సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుని ఆవిడకి ఆ మాట చెప్పాను. తర్వాత దాన్ని తీసేశాను.

మన దేశంలో ఫిజియోథెరపీకి 2021 చట్టం కింద జాతీయ కమిషన్ ఉంది. ఆస్టియోపతీకి అలాంటి ప్రత్యేక మండలి లేదు. మనకి దగ్గర్లో కటక్ పక్కన శ్రీశ్రీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చెబుతున్నారు. మీ తమ్ముడు అడగాల్సింది ఆ పట్టాతో ఎక్కడ, ఏ రిజిస్టర్‌లో పేరు నమోదవుతుందని. ఆ జవాబు కాగితం మీద చేతికొచ్చాకే ఫీజు కట్టండి. నా తమ్ముడైతే ముందు ఫిజియోథెరపీ డిగ్రీ చెయ్యమంటాను, ఆ తర్వాత చేతి పని ఎక్కడ నేర్చుకున్నా ఫర్వాలేదు. అమెరికా డీఓ కావాలంటే ఇంటర్ సరిపోదు, అక్కడ అది డిగ్రీ తర్వాత నాలుగేళ్ల చదువు.

అమ్మగారి విషయం. మూత్రం, మలం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా, జ్వరంతోనో బరువు తగ్గుతూనో నొప్పి ఉన్నా, ఏ చేతి వైద్యమూ వద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడ మాత్రం ఎవరి చేతా విరిపించకండి. మంగలి షాపులో అలవాటుగా విరిచేదైనా సరే. అరుదుగానే అయినా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. స్కానింగ్‌లో డిస్క్ అరిగిందని రాసి ఉంటే బెదిరిపోకండి. నొప్పే లేని ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి అది కనిపిస్తుందని 2015 నాటి ఒక సమీక్ష లెక్క తేల్చింది.

నా రోగి సంగతి మిగిలింది. మొదట క్షమించమన్నాను. ఎముక జరగలేదని, నేను చెప్పింది తప్పని చెప్పాను. ఒక్కసారికి నమ్మలేదు. రెండు కిలోల బియ్యం సంచీతో మొదలుపెట్టాం, పీట మీది నుంచి బల్ల మీదకి. తర్వాత ఐదు కిలోలు. తర్వాత సగం బిందె నీళ్లు. మూడో నెలలో మనవరాలిని నా గదిలోనే ఎత్తుకుంది. పిల్ల వెంటనే ఆవిడ ముక్కుపుడక పట్టుకుంది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఎముక జరిగిందన్న మాట విన్న తర్వాత అమ్మగారు ఏయే పనులు మానేశారో కనుక్కోండి. ముగ్గు వెయ్యడమా, బావి దగ్గరకి వెళ్లడమా, గుడి మెట్లెక్కడమా. అవి ఇక్కడ రాస్తే ఏది ముందు మొదలుపెట్టాలో చెబుతాను.