మంచి కబురు ఎవరికి చేరాలి, ఎలా చేరాలి: నెల్లూరు నుంచి నా అనుభవం

"పేపరు తెరిచినా, ఫోను తెరిచినా ప్రమాదాలు, మోసాలు, గొడవలే కనిపిస్తున్నాయి. ఇలాంటప్పుడు మంచి వార్తలు పంచుకోవడం వల్ల నిజంగా ఏమైనా ప్రయోజనం ఉంటుందా, లేక అది కాసేపటి ఊరటేనా? మీ ప్రాంతంలో మీరు చూసిన సంగతులతో చెప్పండి" అని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. ప్రయోజనం ఉంటుందని గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఏ వార్త పడితే అది, ఎవరికి పడితే వారికి పంపడం వల్ల ఆ ప్రయోజనం రాదు. ఆ కబురు అవసరం ఉన్న మనిషికే అది చేరాలి. ఆ మంచి ఎలా జరిగిందో, ఎవరు పూనుకుంటే జరిగిందో కూడా అందులో ఉండాలి. ఈ రెండూ ఉన్న కబురు ఊరి నుంచి ఊరికి పాకి పని చేయించిన చరిత్ర మా జిల్లాకు ఉంది. అలాంటిదే చిన్న ఎత్తున మా వీధిలోనూ చూశాను.

ముందుగా రొట్టెల పండుగ గురించి చెప్పాలి, ఎందుకంటే మంచి వార్త పంచుకోవడమే పండుగగా జరిగే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, పన్నెండు మంది అమరవీరుల సమాధులున్న బారాషహీద్ దర్గా దగ్గర ఇది జరుగుతుంది. కులమతాల పట్టింపు లేకుండా, మన రాష్ట్రం నుంచే కాక తమిళనాడు, కర్ణాటక, తెలంగాణల నుంచి కూడా లక్షల మంది వస్తారు. కిందటి ఏడాది ఒక కోరికతో రొట్టె అందుకుని తిన్నవారు, ఆ కోరిక తీరాక ఇంట్లో రొట్టెలు చేసుకుని వచ్చి, చెరువు నీళ్ళలో నిలబడి, అదే కోరిక ఉన్న మరొకరిని వెతుక్కుంటారు. "ఉద్యోగం రొట్టె", "పెళ్ళి రొట్టె", "ఇల్లు రొట్టె", "చదువు రొట్టె", "సంతానం రొట్టె" అన్న కేకలు ఒడ్డు పొడవునా వినిపిస్తుంటాయి. అంటే అక్కడ ప్రతి రొట్టే ఒక మంచి వార్త, దాని చిరునామాతో సహా. ఉద్యోగం వచ్చిన మనిషి తన సంతోషాన్ని గుంపు మొత్తానికి చాటి వెళ్ళిపోడు. ఉద్యోగం లేని ఒక మనిషిని వెతికి, చేతిలో పెట్టి వెళతాడు.

ఒకసారి మా కుటుంబంతో వెళ్ళినప్పుడు నాకు రెండు బారల దూరంలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడ్డారు. పెద్దావిడ చంకలో ఏడాది నిండని బిడ్డ ఉన్నాడు, చేతిలో తువ్వాలులో చుట్టిన రొట్టెలున్నాయి. చిన్నావిడ తల మీద కొంగు కప్పుకుని, మోకాలి లోతు నీళ్ళలో చేతులు చాచి నిలబడింది. "ఎన్నేళ్ళకు పుట్టినాడు అక్కా?" అని అడిగింది. "తొమ్మిదేళ్ళకు తల్లీ. నీకూ పుడతాడు, తిను" అని పెద్దావిడ రొట్టె తుంచి పెట్టింది. రొట్టె చేతులు మారాక కూడా ఆ ఇద్దరూ అక్కడి నుంచి కదలలేదు. ఏ డాక్టరు దగ్గర చూపించుకున్నారు, ఎన్నాళ్ళు మందులు వాడారు, ఎంత ఖర్చయింది, అత్తగారింట్లో ఎవరేమన్నారు, భర్తకు కూడా పరీక్షలు చేశారా అని చిన్నావిడ అడుగుతూనే ఉంది. పెద్దావిడ బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ అన్నింటికీ ఓపికగా చెబుతూనే ఉంది. రొట్టె మహిమ గురించి ఎవరి నమ్మకం వారిది. ఆ పది నిమిషాల్లో చిన్నావిడకు అందిన ధైర్యం, తెలిసిన దారి మాత్రం నేను కళ్ళారా చూసినవి.

ఇక జిల్లా చరిత్రలోకి వస్తే, సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ దూబగుంట అనే ఊరి పేరు చాలామంది వినే ఉంటారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజులవి. కూలి డబ్బంతా సారా అంగడికే పోతుంటే, తాగిన మత్తులో మనుషులు చెరువులో పడి చనిపోతే, మెట్ట ప్రాంతంలోని ఆ చిన్న ఊరి ఆడవాళ్ళు రోశమ్మ వంటి వారి పూనికతో ఏకమై తమ ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. అక్కడితో ఆగిపోతే అది ఒక ఊరి విజయంగానే మిగిలిపోయేది. అయితే అక్షరాస్యతా కార్యక్రమం వాచకం తయారుచేసినవారు ఆ సంఘటననే ఒక పాఠంగా పెట్టారు. రాత్రి బడులకు వచ్చి పలక పట్టిన ఆడవాళ్ళు కూడబలుక్కుంటూ చదివింది ఎక్కడో దూరదేశపు కథ కాదు. తమ జిల్లాలోనే, తమలాగే నాట్లకూ కోతలకూ వెళ్ళే ఆడవాళ్ళు నిన్న మొన్న చేసిన పని. చదివినవాళ్ళు "మన ఊళ్ళో మనమెందుకు చేయలేం?" అని అడగడం మొదలుపెట్టారు. ఊరూరా సారా అంగళ్ళు మూతపడ్డాయి. 1992లో జిల్లాలో సారా అమ్ముకునే హక్కు కోసం జరిగే వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకోవడంతో అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తివేశారన్నది నిజమే, మద్యం బాధ ఇంకా తీరలేదన్నదీ నిజమే. అయినా సారాకు పోగా మిగలని డబ్బు చేతిలో మిగలడం మొదలయ్యాక, రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు ఈ జిల్లాలోనే ఊపందుకున్నాయి. ఈనాడు ఏ పల్లెకు వెళ్ళినా కనిపించే పొదుపు సంఘాల వెనుక ఆ చరిత్ర ఉంది.

ఒక మంచి వార్త ఇంత పని చేయగలిగింది ఎందుకని నేను తరచూ ఆలోచిస్తుంటాను. ఆ పాఠంలో ఎవరినీ ఆకాశానికెత్తడం ప్రధానం కాదు. ఏం చేశారో, ఎలా కలిశారో చెప్పడం ప్రధానం. చదివినవారికి కన్నీళ్ళు రావడమే కాదు, పొద్దున్నే లేచి చేయాల్సిన పని కూడా కనిపించింది.

మంచి వార్తలు తక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. చెడు ఒక్క రోజులో జరుగుతుంది, మంచి ఏళ్ళ తరబడి జరుగుతుంది. బస్సు బోల్తా పడితే ఆ సాయంత్రానికే వార్త. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు చెరువుకు ఏటా అక్టోబరు నాటికి గూడబాతులు (పెలికాన్ పక్షులు) వచ్చి, నీళ్ళలో నిలిచిన కడప అనే రకం చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని వెళతాయి. పక్షులు వస్తే ఊరికి శుభమని, వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని ఆ ఊరివాళ్ళు నమ్మి, వాటిని కాపాడుకుంటూ వచ్చారు. 1976లో అది పక్షి సంరక్షణ కేంద్రమైంది. ఒక ఊరు తరాల తరబడి పక్షులకు హాని చేయకుండా ఉండటం కన్నా మంచి వార్త ఏముంటుంది? కానీ నిన్న లేని కొత్త సంగతేదీ ఇవాళ జరగలేదు కాబట్టి అది పతాక శీర్షిక కాదు. అలాంటివి మనమే పూనుకుని చెప్పుకోవాలి.

ఈ ఆలోచనతోనే మా పాఠశాలలో ప్రార్థన సమయంలో వార్తలు చదివే పిల్లలకు ఒక పని అప్పగించాను. పేపరు వార్తలు చదివాక, ఆ రోజు వంతు వచ్చిన విద్యార్థి తన ఊరి మంచి వార్త ఒకటి చెప్పాలి. అది పేపరు నుంచీ ఫోను నుంచీ తీసుకున్నది కాకూడదు, తాను చూసినదై ఉండాలి. ఎలా జరిగిందో ఆ పని చేసినవారిని అడిగి రావాలి. మొదట్లో "మా గేదె ఈనింది సార్", "మా అక్కకు పెళ్ళి కుదిరింది సార్" అన్నవే వచ్చాయి, వాటికీ అందరం చప్పట్లు కొట్టాం. కొన్నాళ్ళకు పిల్లల చూపు మారింది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ళ కాలనీలో చెడిపోయిన బోరింగు గురించి చెప్పాడు. "లోపల వాషర్ అరిగిపోయిందంట సార్. మెకానిక్ ఎప్పుడు పిలిచినా రేపొస్తా అంటున్నాడని మా నాయన కావలికి పోయి వాషర్ తెచ్చినాడు. మా మామ, ఇంకొకాయన పైపులు పైకి లాగినారు. నీళ్ళు పడేదాకా ఎవురూ అన్నాలకు పోలేదు" అన్నాడు. తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి, అంతకు ముందు ఎన్నడూ బడి గడప తొక్కని ఆ తండ్రి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడ పక్కనే నిలబడి, అయిపోయాక నా దగ్గరికి వచ్చి "బోరింగు సంగతి మావోడు అందరి ముందరా చెప్పినాడంట గదా సార్" అని అడిగాడు. చెప్పాడని, చాలా బాగా చెప్పాడని అన్నాను. కొడుకు చదువు గురించి ఆయన ఆ రోజు అడిగినన్ని ప్రశ్నలు చాలామంది తల్లిదండ్రులు అడగరు. మంచి వార్త వల్ల వినేవారికే కాదు, ఆ మంచి చేసినవారికి కూడా బలం వస్తుందని అప్పుడు నాకు అర్థమైంది.

మా వీధిలో జరిగిన విషయం దీనికన్నా పెద్దది. ఒక పెద్దావిడ కాలం చేసినప్పుడు, ఆమె కోరిక ప్రకారం కొడుకు నేత్రదానం చేయించారు. పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక, వచ్చినవాళ్ళు అడిగితే ఆయన అన్నీ వివరంగా చెప్పారు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు కళ్ళు సేకరించాలి కాబట్టి వెంటనే నేత్రనిధికి (దానం చేసిన కళ్ళు సేకరించే ఐ బ్యాంకుకు) ఫోన్ చేయాలి. వాళ్ళు వచ్చేలోగా ఫ్యాను ఆపేసి, కనురెప్పలు మూసి, వాటి మీద తడిపిన దూది ఉంచి, తల కింద దిండు పెట్టాలి. పని ఇంటి దగ్గరే ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది, ముఖం వికారం కాదు. కళ్ళద్దాలు పెట్టుకునేవారు, శుక్లాల ఆపరేషను అయినవారు, షుగరు, బీపీ ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్ వంటివి ఉన్నవారివి మాత్రం తీసుకోరు. రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు. రెండు కళ్ళ కార్నియాలు, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలు, ఇద్దరికి అమర్చవచ్చు. "కళ్ళు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారంటారే?" అని ఒకామె అడిగితే, ఆయన విసుక్కోలేదు. "ఈ జన్మలో ఇద్దరికి చూపిచ్చిన మనిషికి దేవుడు అట్ట ఎందుకు చేస్తాడమ్మా?" అన్నారు.

ఆ మాటలు విన్నవాళ్ళలో, తండ్రి మంచాన పడి ఉన్న ఒక రైతు కూడా ఉన్నారు. కొన్ని నెలల తర్వాత ఒక అర్ధరాత్రి ఆయన నాకు ఫోన్ చేసి, "మా నాయన పోయినాడు సార్. ఫ్యాను ఆపేసినా, దూది పెట్టినా. ఆ నంబరు మీ దగ్గరుందా?" అని అడిగారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఫ్యాను ఆపాలన్న సంగతి కూడా గుర్తుందంటే, ఆ కబురు ఎంత వివరంగా ఆయనకు చేరిందో ఆలోచించండి. "మా వీధిలో గొప్ప కుటుంబం, నేత్రదానం చేశారు" అన్న ఒక్క ముక్కగానే ఆ వార్త చేరి ఉంటే, ఆయన దండం పెట్టి ఊరుకునేవారేమో. నేత్రనిధి సిబ్బంది తెల్లవారకముందే వచ్చి వెళ్ళారు. ఆయన చెల్లెలు మొదట భయపడింది గానీ, తర్వాత తండ్రి ముఖం చూసి, "నిద్రపోతున్నట్టే ఉన్నాడు" అని అందరికీ ఆమే చెప్పింది.

మంచి వార్తల పేరుతో వచ్చేవన్నీ నమ్మమని నేను చెప్పడం లేదు. ఎక్కడ, ఎప్పుడు జరిగిందో లేకుండా, ఫొటో మాత్రం ఉండి, కన్నీళ్ళు తెప్పించే కథలు ఫోన్లలో చాలా తిరుగుతుంటాయి. ఊరి పేరు, చేసినవారితో మాట్లాడినవారు ఎవరో తెలియనిదాన్ని నేను పంపను. ఒక అబద్ధపు మంచి వార్త బయటపడితే తర్వాత వచ్చే పది నిజాలనూ జనం నమ్మరు. అలాగే సాయం పొందిన పిల్లవాడి ముఖం, ముసలివారి ముఖం చూపించి చేసే ప్రచారం నాకు చాలా బాధ కలిగిస్తుంది. బియ్యం మూట పట్టుకుని కెమెరా ముందు నిలబడాల్సి వచ్చిన మనిషికి అది మంచి వార్త కాదు. మా పిల్లలకు కూడా, ఎవరి సంగతి చెబుతున్నారో వారి అనుమతి తీసుకోవాలని, సాయం చేసినవారి పేరు చెప్పినా, పొందినవారి పేరు చెప్పవద్దని నేర్పాం.

మీరు ఎలా మొదలుపెట్టవచ్చో కూడా చెబుతున్నాను: వందమంది ఉన్న గ్రూపులో పెట్టే ముందు, ఆ కబురు ఎవరికి పనికొస్తుందో ఒక్క మనిషిని తలుచుకుని, వారికి ఫోన్ చేసి చెప్పండి. పరీక్ష తప్పిన పిల్లవాడికి, ఒకసారి తప్పి మళ్ళీ రాసి నిలదొక్కుకున్న మీ బంధువు గురించి చెప్పండి, వీలైతే ఇద్దరినీ కలపండి. మీ ఊళ్ళో అలాంటిది ఏదైనా జరిగి ఉంటే, ఎవరు మొదలుపెట్టారు, ఎక్కడ ఆటంకం వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న వివరాలతో దీని కిందే రాయండి. సోమవారం ప్రార్థనలో మా పిల్లల చేత చదివిస్తాను.