ఇండిపెండెంట్ ఇన్సూరెన్స్ ఏజెంటుకి సీఈ గంటలు ఎక్కడ చేస్తే పనికొస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: అమెరికాలో ప్రాపర్టీ, క్యాజువాలిటీ (ఆస్తి, బాధ్యత బీమా) లైసెన్సు తీసుకుని సొంతంగా ఏజెన్సీ మొదలుపెట్టారు, మొదటి రెన్యువల్ దగ్గరపడుతోంది, దానికి సీఈ (లైసెన్సు కొనసాగడానికి చెయ్యాల్సిన కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్) గంటలు కావాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 24 గంటల ప్యాకేజీ ఒకటి కొనేసి సీఈ అయిందనిపించుకోవచ్చా, లేక వేరే ఏమైనా చూడాలా అని.

లైసెన్సు నిలబడటం వరకే అయితే ఆ ప్యాకేజీ చాలు. చాలా రాష్ట్రాల్లో రెండేళ్ళకి 24 గంటలు, అందులో 3 గంటలు ఎథిక్స్. న్యూయార్క్‌లో 15 గంటలే. కొనే ముందు మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ ఆ కోర్సును ఆమోదించిందా, ఏ విభాగం కింద లెక్కేస్తుందో ఒకసారి చూసుకోండి. వేరే రాష్ట్రాల్లో కూడా నాన్‌రెసిడెంట్ లైసెన్సులుంటే కంగారుపడక్కర్లేదు. సొంత రాష్ట్రంలో సీఈ పూర్తిచేస్తే మిగతావి సాధారణంగా దాన్నే ఒప్పుకుంటాయి.

కానీ ఇండిపెండెంట్ ఏజెంటు సంగతి వేరు. ఒకే కంపెనీకి పనిచేసేవాళ్ళకి ఫారం (పాలసీ షరతుల పత్రం) మారినా, మినహాయింపు కొత్తగా చేరినా కంపెనీయే పిలిచి చెబుతుంది. మన దగ్గర ఎన్ని క్యారియర్లుంటే (బీమా కంపెనీలుంటే) అన్ని రకాల ఫారాలు, ఎండార్స్‌మెంట్లు (పాలసీకి జతచేసే సవరణలు). వాటి మధ్య తేడా క్లయింటుకి చెప్పాల్సింది మనమే, క్లెయిమ్ తిరస్కరిస్తే ఫోన్ వచ్చేదీ మనకే. అందుకని కనీసం సగం గంటలైనా మనిషి ఎదురుగా ఉండి చెప్పే క్లాసులో, ప్రశ్న అడిగితే జవాబు దొరికే చోట చెయ్యమని చెబుతాను.

ఆ తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. కమర్షియల్ ప్రాపర్టీ మీద ఒక క్లాసుకి వెళ్ళాను. చెప్పేది చాలాకాలం క్లెయిమ్‌లు చూసిన ఆవిడ. స్లయిడ్లు పక్కన పెట్టి ఐఎస్ఓ (చాలా కంపెనీలు వాడే ప్రామాణిక ఫారాలు తయారుచేసే సంస్థ) ప్రాపర్టీ ఫారం అందరి చేతికీ ఇచ్చి, వేకెన్సీ క్లాజు (ఖాళీ భవనాల గురించిన షరతు) గట్టిగా చదివించారు. తర్వాత బోర్డు మీద లెక్క వేశారు: 10,000 చదరపు అడుగుల షాపింగ్ స్ట్రిప్, అద్దెకిచ్చి వ్యాపారం నడుస్తున్నది 3,000 అడుగుల్లో. ఇది ఖాళీ భవనమా, కాదా? గదిలో సగం మంది కాదన్నారు. ఫారం ప్రకారం అది ఖాళీయే. ఎందుకంటే యజమాని విషయంలో కనీసం 31 శాతం వాడకంలో ఉండాలి. అలా వరుసగా 60 రోజులు దాటాక నష్టం జరిగితే దొంగతనానికి, విధ్వంసానికి, నీళ్ళ నష్టానికి, గాజు పగలడానికి, గడ్డకట్టకుండా రక్షణ చెయ్యని స్ప్రింక్లర్ లీకుకి ఏమీ రాదు. అగ్నిప్రమాదం లాంటివాటికి కూడా రావలసిన దాంట్లో 15 శాతం కోస్తారు. నిర్మాణంలోనో, రెనొవేషన్‌లోనో ఉన్న భవనానికి మాత్రం ఈ క్లాజు వర్తించదు.

నా క్లయింటు ఒకాయనకి అచ్చం అలాంటి స్ట్రిప్ ఉంది, అప్పటికి కొద్దికాలం ముందే పెద్ద షాపు ఖాళీ అయింది. విరామంలోనే ఆయనకి ఫోన్ చేసి ఎన్ని అడుగులు అద్దెకున్నాయో కనుక్కున్నాను. క్యారియర్‌తో మాట్లాడి భవనం ఖాళీగా ఉన్నా కవరేజ్ కొనసాగేలా వేకెన్సీ పర్మిట్ ఎండార్స్‌మెంట్ పెట్టించాం. ఆన్‌లైన్ కోర్సులో ఈ క్లాజు ఉండదని కాదు. ఒక లైనుగా ఉంటుంది, క్విజ్‌లో ఒక ప్రశ్నగా వస్తుంది, మర్నాటికి గుర్తుండదు.

ఇలాంటి క్లాసుల కోసం నేను ముందు చూసేది రాష్ట్ర స్థాయి ఏజెంట్ల సంఘాన్ని. ‘బిగ్ ఐ’ అని పిలిచే ఇండిపెండెంట్ ఇన్సూరెన్స్ ఏజెంట్స్ అండ్ బ్రోకర్స్ ఆఫ్ అమెరికా 1896 నుంచి ఉంది, రాష్ట్రాల్లో దానికి అనుబంధ సంఘాలున్నాయి. పీఐఏ (ప్రొఫెషనల్ ఇన్సూరెన్స్ ఏజెంట్స్) కూడా అలాంటి సంఘమే. క్లాసులతో పాటు అక్కడ కలిసే తోటి ఏజెంట్లు కూడా పెద్ద ఆస్తి. ఏ క్యారియర్ ఏ రిస్కు తీసుకుంటోందో వాళ్ళ దగ్గరే తెలుస్తుంది.

లోతుగా వెళ్ళాలంటే సీఐసీ, సీపీసీయూ అనే వృత్తి హోదాలున్నాయి. చిన్న వ్యాపారాలకి పాలసీలు రాసే ఏజెంటుకి సీఐసీయే ముందు మంచిదని నా అభిప్రాయం. రోజూ చేతికొచ్చే ఫారాల మీదే పాఠం నడుస్తుంది, ఒక్కో భాగానికి పరీక్ష ఉంటుంది. హోదా వచ్చాక కూడా ఏటా అప్‌డేట్ క్లాసు చెయ్యాల్సిందే. ఆ గంటలు చాలా రాష్ట్రాల్లో సీఈ కిందకి వస్తాయి, అంటే ఒకే పనికి రెండు ప్రయోజనాలు. సీపీసీయూలో చదువు ఎక్కువ, పరిధి కూడా పెద్దది. అండర్‌రైటర్లతో, పెద్ద ఖాతాలతో మాట్లాడేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కొత్త ఏజెన్సీ నడుపుతూ మొదటి రెండేళ్ళలోనే దాన్ని నెత్తికెత్తుకోవద్దు.

ఫ్లడ్ పాలసీలు అమ్ముతారా? అయితే ఎన్ఎఫ్ఐపీకి (ప్రభుత్వ వరద బీమా పథకానికి) సంబంధించి ఒకసారి చెయ్యాల్సిన 3 గంటల శిక్షణ ఉంది, అది ముందే పూర్తిచేయండి. ఆ పథకాన్ని నడిపే ఫెమా వాళ్ళ ఉచిత శిక్షణ కూడా చూడండి, చక్కగా ఉంటుంది. 2021 అక్టోబరులో రిస్క్ రేటింగ్ 2.0 (ఫ్లడ్ ప్రీమియం లెక్కగట్టే కొత్త పద్ధతి) మొదలైనప్పుడు ప్రీమియం ఎందుకు మారిందో క్లయింట్లకి వివరించడానికి నాకు పనికొచ్చింది అదే. ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 పరిమితి అనీ, మామూలుగా 30 రోజుల తర్వాతే కవరేజ్ మొదలవుతుందనీ ప్రతి క్లయింటుకీ ముందే చెప్పాలి. తుఫాను బయల్దేరాక చెప్పి లాభం లేదు.

క్యారియర్లు, హోల్‌సేలర్లు (ఏజెంట్లకీ క్యారియర్లకీ మధ్య ఉండే బ్రోకర్లు) పెట్టే ఉచిత వెబినార్లకి వెళ్ళొచ్చు. సైబర్ లాంటి కొత్త కవరేజ్‌లకి మంచివే. వాళ్ళ సరుకు గురించే చెబుతారు కాబట్టి ఇంకో కంపెనీ ఫారం పక్కన పెట్టుకుని వినండి.

ఎథిక్స్ గంటల్ని మాత్రం ఈ అండ్ ఓ (ఏజెంటు చేసే పొరపాట్లకి ఉండే బాధ్యత బీమా) నష్ట నివారణ క్లాసులో చెయ్యడానికి ప్రయత్నించండి. కొన్ని రాష్ట్రాల్లో అది ఎథిక్స్ కింద లెక్కలోకి వస్తుంది, చాలా ఈ అండ్ ఓ బీమా కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు కూడా ఇస్తాయి. క్లయింటు వద్దన్న కవరేజ్‌ని రాతపూర్వకంగా ఎలా నమోదు చెయ్యాలో ఆ క్లాసులో నేర్పినంత బాగా ఇంకెక్కడా నేర్పరు.

చివరి నెలదాకా ఆగకండి. కోర్సు అయిందని రాష్ట్రానికి పంపాల్సింది ప్రొవైడర్, అందుకు కొన్ని రోజులు పడుతుంది. సర్కాన్ అనే లైసెన్సు వెబ్‌సైటులోనో మీ రాష్ట్ర పోర్టల్‌లోనో ట్రాన్స్‌క్రిప్టు తెరిచి గంటలు ఎక్కాయో లేదో చూసుకున్నాకే రెన్యువల్ ఫీజు కట్టండి. అదే కోర్సు ఒకే రెన్యువల్ కాలంలో రెండుసార్లు చేస్తే చాలాచోట్ల రెండోసారి లెక్కలోకి రాదు. సర్టిఫికెట్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి, శాఖ ఆడిట్‌లో అడగొచ్చు.

మీరు ఎక్కువగా రాసేది ఇళ్ళా, వ్యాపారాలా, ఏ రాష్ట్రం అన్నది చెబితే ముందు ఏ క్లాసు తీసుకోవాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.