నాలుగు ద్రాక్షలు కలిస్తే కల్తీ అవుతుందా?

ప్రశ్న: మా అల్లుడు కాలిఫోర్నియా నుంచి వస్తూ ఒక రెడ్ వైన్ సీసా తెచ్చాడు. లోడై అనే ఊళ్ళో మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న వైనరీదట. వెనక లేబుల్ మీద జిన్‌ఫండెల్ 62 శాతం, పెటీట్ సిరా 21, కారిన్యాన్ 11, అలికాంటే బూషే 6 అని రాసుంది. మా బావగారు అది చూసి, "నాలుగు రకాలు కలిపారంటే అమ్ముడుపోని సరుకంతా ఒకచోట పోశారన్నమాట. అసలైన వైన్ ఒకే ద్రాక్షతో చేస్తారు" అని తేల్చేశారు. అల్లుడి మొహం చిన్నబోయింది. అసలు సంగతేంటి?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, ముందు మీ అల్లుడికి కాఫీ ఇచ్చి మాట్లాడించండి. ఆయన తెచ్చింది కల్తీ సరుకు కాదు. మీ బావగారితో గొడవ పెట్టుకోమనను గానీ, ఈ పేజీ తెరిచి ఆయన కుర్చీలో పెట్టేసి పొండి.

నేను 31 ఏళ్ళు టంగుటూరు, కందుకూరు, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్ళు చూసినవాణ్ణి. కల్తీ అంటే ఏంటో నాకు బాగా తెలుసు. మా దాంట్లో దానికి నెస్టింగ్ అని పేరు. బేలు పైపొరలన్నీ నిమ్మపండు రంగు ఆకు. నడుమ మాత్రం పచ్చి మచ్చల ఆకు, తడారని ఆకు. మోచెయ్యి దాకా లోపలికి దూర్చి ఒక గుప్పెడు లాగితే గానీ బయటపడదు. ఒక ఫిబ్రవరి పొద్దున తొందరలో చెయ్యి దూర్చకుండానే ఒక లాట్‌కి మంచి గ్రేడు రాసేశాను. గోడౌన్‌లో విప్పాక పడ్డ చీవాట్లు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. అదే ఆకుని రకానికి రకంగా విడదీసి, ఇది ఇంత, అది ఇంత అని కొలిచి కలిపితే అది బ్లెండ్. నల్లరేగడి ఆకు, తేలిక నేల ఆకు ఒకే తీరుగా కాలవు, ఒకే వాసన ఇవ్వవు. రెండింటికీ వాటి వాటి పని ఉంటుంది. దాచిపెట్టి కలిపితేనే కల్తీ అంటారు. మీ సీసా వెనక లెక్క రాసిపెట్టే ఉంది కదా.

ఆ లెక్క కూడా వాళ్ళ ఇష్టానికి రాసింది కాదు. అమెరికాలో లేబుల్ మీద ఒక్క ద్రాక్ష పేరే పెట్టుకోవాలంటే ఆ రకం కనీసం 75 శాతం ఉండాలి. రెండు మూడు పేర్లు వేస్తే ఒక్కోదాని శాతం రాయాలి, అన్నీ కలిపితే నూరు రావాలి. మీ సీసా అంకెలు కూడి చూడండి, సరిగ్గా నూరే. 62 శాతం ఉన్నా దాన్ని జిన్‌ఫండెల్ అని ఊరికే పిలవలేకపోవడానికి కారణం ఇదే. ఇంకో ముక్క మీ బావగారికి చెప్పండి: ఆయన "అసలైన, ఒకే ద్రాక్ష" అనుకునే సీసాలో కూడా నాలుగో వంతు దాకా వేరే ద్రాక్ష ఉండొచ్చు. యూరప్ వాళ్ళ నియమం 85 శాతం.

ఇక పేరుమోసిన ఎర్ర వైన్లలో చాలా భాగం కలిపినవే. ఫ్రాన్స్‌లో బోర్డో అంటే కేబర్నే సావిన్యాన్, మెర్లో, కేబర్నే ఫ్రాంక్, పెటీ వెర్డో, మాల్బెక్‌ల మధ్య సర్దుబాటే. మెర్లో ముందు పండుతుంది, కేబర్నే ఆలస్యంగా పండుతుంది. ఒకటి వాన దెబ్బ తిన్నా రెండోది నిలబడుతుందని రైతు లెక్క. మన మెట్ట రైతు కందిలో అంతరపంట వేసుకున్నట్టు. షాతోనెఫ్ దు పాప్ అనే చోట 13 రకాల దాకా వాడుకోవచ్చని చట్టంలోనే ఉంది.

లోడై గురించి మీరు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఆ ఊరు నేను చూశాను. మా పెద్దమ్మాయి శాక్రమెంటోలో ఉంటుంది, అక్కణ్ణుంచి కారులో ముప్పావుగంట. మనవరాలు పుట్టినప్పుడు ఆరు నెలలున్నాం. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతుంటే అల్లుడు తీసుకెళ్ళి ఒక చిన్న వైనరీలో దింపాడు. పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, అంతే. నేల మన చీరాల ఇసుక లాంటిదే. పగలు ఒంగోలు ఎండ, సాయంత్రం అయ్యేసరికి అక్కడి నదుల డెల్టా మీంచి చల్లగాలి. స్వెట్టర్ లేకుండా వెళ్ళి వణికిపోయాను.

వాళ్ళు నాతో నాలుగు గుత్తులు కోయించారు. జిన్‌ఫండెల్ గుత్తి ఒక వింత. ఒకే గుత్తిలో ఒక కాయ పచ్చిగా, పక్కది బాగా పండి, ఇంకోటి ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి ఉంటుంది. తీపి ఎక్కువ, అందుకే ఆల్కహాలూ ఎక్కువే, 15 శాతం దగ్గరికి పోతుంది. రుచిలో పండు బాగా పలుకుతుంది గానీ వెన్నెముక ఉండదు. పెటీట్ సిరా కాయలు చిన్నవి. చిన్న కాయలో రసం తక్కువ, తొక్క వంతు ఎక్కువ. రంగు, వగరు తొక్కలోంచే వస్తాయి. ఒక కాయ నమిలితే నాలిక పచ్చి వక్క నమిలినట్టు పట్టేసింది. కారిన్యాన్‌కి పులుపు ఎక్కువ. అలికాంటే బూషే దగ్గర నేను మోసపోయాను. ద్రాక్ష ఎంత నల్లగా ఉన్నా నొక్కితే రసం దాదాపు రంగు లేకుండానే వస్తుంది, మిగిలిన మూడూ అలాగే వచ్చాయి. దీన్ని నొక్కేసరికి బీట్‌రూట్ కోసినట్టు వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. దీనికి లోపలి కండ కూడా ఎరుపే. చొక్కా మీద మరక పడింది. మా ఆవిడ మూడుసార్లు ఉతికినా పోలేదు.

పాత తోటల్లో ఈ నాలుగూ ఒకే సాలులో కలగలిపి నాటి ఉంటాయి. తాతల కాలంలో అన్నీ ఒకేరోజు కోసి, ఒకే తొట్టిలో పులియబెట్టేవారట. ఇప్పుడు చాలామంది విడివిడిగా చేసి చివర్లో కలుపుతున్నారు. తొక్కలతో సహా తొట్టిలో పోశాక పొంగు మొదలవుతుంది, తొక్కలన్నీ గ్యాస్‌కి పైకి తేలి గట్టి పొరలా కడతాయి. దాన్ని రోజుకి రెండు మూడుసార్లు కర్రతో కిందికి తొయ్యాలి. లేకపోతే పైన ఆరిపోయి పాడవుతుంది. ఇడ్లీ పిండి పొంగినప్పుడు వచ్చే వాసనే కొంచెం పెద్ద ఎత్తున. వారం పది రోజులకి తొక్కల్ని పిండేసి, రసాన్ని ఓక్ చెక్క పీపాల్లోకి ఎక్కిస్తారు. మామూలు పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు.

నేను చూసిన కలపడం ఇలా జరిగింది. వంటింటి బల్ల మీద నాలుగు సీసాలు, ఒక కొలత గొట్టం, ఉమ్మడానికి ఒక బకెట్. కొడుకు కాగితం మీద అంకెలు రాసుకుంటున్నాడు. జిన్‌ఫండెల్ ఒక్కటే నోట్లో పోసుకుంటే పండు తగిలి వెంటనే జారిపోయింది. పెటీట్ సిరా 20 మిల్లీలీటర్లు కలపగానే అది నాలిక మీద నిలబడింది. కారిన్యాన్ పడ్డాక నోరూరింది. పులుసులో చింతపండు ఉండగా మామిడికాయ ముక్క ఎందుకని నెల్లూరులో ఎవరైనా అడుగుతారా? అలికాంటే 8 పోశాడు. పెద్దావిడ గ్లాసు కిటికీ వైపు ఎత్తి చూసి, ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేసి, రెండు తగ్గించమని వేళ్ళు చూపించింది. తగ్గించి మళ్ళీ ఇచ్చారు. తేడా నాకే తెలిసింది, నేను తాగుడు అలవాటు లేని మనిషిని.

తర్వాత పీపాల దగ్గరికి తీసుకెళ్ళి వాసన చూడమన్నారు. మూడోది నాకు తడిసిన గోనెసంచి కంపు కొట్టింది. చెప్పాలా వద్దా అని నసిగి, చెప్పేశాను. పెద్దాయన కొడుకు వైపు చూసి తల ఊపాడు. వాళ్ళకీ అదే అనుమానమట. ఆ పీపాని బ్లెండ్‌లో కలపలేదు. 300 సీసాల సరుకు! మీ బావగారన్నట్టు మిగిలిందంతా పోసేవాళ్ళే అయితే, అన్నిటికంటే ముందు పోయాల్సింది అదే. చెడ్డ పీపా ఒక్కటి పడితే మంచి పీపాలు నాలుగూ పోతాయని వాళ్ళకి తెలుసు.

అలాగని లేబుల్ మీద "రెడ్ బ్లెండ్" అని ఉన్నదల్లా గొప్పదనుకోకండి. రకాల పేర్లే రాయకుండా, పెద్ద ట్యాంకుల్లో దొరికిందల్లా పోసి కాస్త తీపి తగిలించి అమ్మేవీ బోలెడు. మీ బావగారి మాట వాటికి సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మ 1992లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళలో ఒకరు. మా అబ్బాయి ఫ్రిజ్‌లో వైన్ సీసా పెట్టాడని రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. వైన్, సారా ఒకటి కాదని ఎలా నచ్చజెప్పాలి?
— పాఠకుడు, కలిగిరి

జవాబు: నచ్చజెప్పకండి. సీసా తీసి ఇంకెక్కడైనా పెట్టించండి. దూబగుంట మీ మండలమే. రాత్రిబడిలో పలక పట్టిన ఆడవాళ్ళు అక్కడ మొదలుపెట్టిన సారా పోరాటం 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం దాకా వెళ్ళింది. ఆమెకి ద్రాక్షా, బెల్లమా అన్నది ప్రశ్న కాదు. కూలి డబ్బు ఇంటికి చేరిందా లేదా అన్నదే ప్రశ్న.

లెక్క చూసినా ఆమె మాటని కొట్టిపారెయ్యలేం. 15 శాతం వైన్ 750 మిల్లీలీటర్ల సీసాలో అసలు ఆల్కహాల్ 112 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. 42.8 శాతం బ్రాందీ క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, 77. అంటే ఒక సీసా వైన్ దాదాపు క్వార్టరున్నర. "వైనే కదా" అనేవాళ్ళకి ఈ అంకె చూపించండి. గుండెకి మంచిదని కూడా ఎవరికీ చెప్పకండి. ఎంత తాగితే ఫరవాలేదో చెప్పే కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

(ఇదే లోడైకీ ఒక నిషేధం కథ ఉంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యం బంద్. ఇంటి వాడకానికి పండ్లరసం పెట్టుకోవచ్చన్న సందు పట్టుకుని లోడై ద్రాక్ష రైళ్ళెక్కి తూర్పు నగరాలకి పోయింది. తొక్క మందం, రంగు చిక్కన కాబట్టి అలికాంటేకి తెగ గిరాకీ. మీ అమ్మగారికి ఇది చెప్పకపోవడమే మంచిది.)

ప్రశ్న: దర్శి దగ్గర మూడెకరాలుంది. పొగాకు మానేసి వైన్ ద్రాక్ష వేస్తే ఎలా ఉంటుంది?
— యువ రైతు

జవాబు: తొందరపడకు నాయనా. వైన్ ద్రాక్షకి పగటి ఎండ ఎంత అవసరమో రాత్రి చలి అంత అవసరం. రాత్రి చల్లబడకపోతే కాయలో పులుపు నిలవదు. మన దేశంలో ఈ పంట నిలదొక్కుకున్న నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు పక్క నంది కొండల వైపు ఇంకా ఎత్తు. అక్కడ కూడా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కత్తిరించి, చలికాలంలో కాయ పండేలా సర్దుకుంటారు. ఇంకోటి, కొనేదెవరు? పక్కన వైనరీ లేదు. బజార్లో అమ్ముదామంటే గింజలు, మందపు తొక్క, చిన్న కాయ, ఎవరూ తినరు. సుబాబుల్ వేసి కర్ర కొనేవాడి కోసం ఎదురుచూసినవాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు, వాళ్ళతో ఒక పూట కూర్చో.

ప్రశ్న: క్రిస్మస్‌కి ఇంట్లో నల్ల ద్రాక్షతో వైన్ పెట్టే పద్ధతి రాయండి.
— ఒంగోలు

జవాబు: రాయను. లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం మన ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. పండగపూట పిండివంటలు చాలు.

ప్రశ్న: రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది వేడిలోనే తాగాలి అంటారు. నిజమేనా? సీసా అడుగున నల్లటి మడ్డి, పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తున్నాయి, పారబొయ్యాలా?
— ఆత్మకూరు

జవాబు: ఆ మాట పుట్టింది చలిదేశపు గదుల్లో. వాళ్ళ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో ఆత్మకూరు గదిలో పెడితే అది వైన్ కాదు, కషాయం. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పలుకులు ద్రాక్షలోని పులుపు గడ్డకట్టినవి, మడ్డి తొక్కల రంగు దిగినది. రెండూ హాని చెయ్యవు. సీసా ఒక పూట నిలబెట్టి, కదపకుండా మెల్లగా వంచి, చివరి రెండు గుక్కలు వదిలెయ్యండి. మూత తీశాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. ఆ తర్వాత పులుపెక్కుతుంది. అప్పుడు దాన్ని చేపల పులుసులో పోయొచ్చా అని వచ్చే నెల ఎవరూ ఉత్తరం రాయకండి, మా ఆవిడ ఈ శీర్షిక చదువుతుంది.