‘తను’ అంటే సరిపోతుందా?

సందేహం: శిల్పి మైకెలాంజిలో ఒక యువకుడి మీద రాసిన ప్రేమకవితల్ని ఆయన మనవడు ఆడమనిషి మీద రాసినట్టు మార్చి అచ్చువేశాడని చదివాను. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘అతడు’, ‘ఆమె’ బదులు ‘తను’ అని రాస్తే ఈ గొడవ ఉండదు కదా?

సమాధానం: సర్వనామం ఊరుకున్నా క్రియ ఊరుకోదండీ. ‘తను నవ్వాడు’ అనాలి, లేదంటే ‘తను నవ్వింది’ అనాలి. ‘తను నా ఫ్రెండ్’ అని ఇవాళ అందరం అంటున్నాం, దాన్ని తప్పుపట్టను. కానీ కవితంతా ఆ మాట మీదే నడపబోతే రెండో పాదంలోనే ఇరుక్కుంటారు.

మధ్యమ పురుషకి ఈ చిక్కు లేదు. ‘నవ్వావు’, ‘నవ్వారు’ ఎవరికైనా చెల్లుతాయి. అదృష్టం కొద్దీ మైకెలాంజిలో సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు) చాలావరకు ఎదుటి మనిషిని ఉద్దేశించినవే. ‘నా గుడ్డికళ్లు చూడలేని తీయని వెలుగును మీ అందమైన కళ్లతో చూస్తున్నాను’ అంటే లింగం ప్రసక్తే రాదు. అయితే ఆయన ‘ప్రభూ’ అని పిలిచినచోట ‘ప్రభూ’ అనే ఉంచండి.

ఎందుకంటే, దాచడం ఒకసారి జరిగింది. 1623లో కవితల్ని అచ్చువేసినవాడు ఆయన తమ్ముడి మనవడు. (మైకెలాంజిలోకి పిల్లల్లేరు. మన వరసలో తమ్ముడి మనవడూ మనవడే కాబట్టి మీరు చదివింది తప్పు కాదు.) మీరన్న యువకుడు రోమ్‌కి చెందిన తొమ్మాజో కవాలియేరి. ఆ ఇంటిపేరుకి ఇటాలియన్‌లో ‘ఆశ్వికవీరుడు’ అనే అర్థం కూడా ఉంది. ఆ శ్లేషతో ఒక సానెట్ ‘ఆయుధం దాల్చిన వీరుడికి బందీని’ అని ముగుస్తుంది. మనవడి దిద్దుబాటులో అది ‘సద్గుణమే ఆయుధమైన హృదయానికి బందీని’ అయింది. శ్లేషా పోయింది, మనిషీ పోయాడు. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ అనువదించే నాటికి చేతికందేది ఆ దిద్దిన పాఠమే. ఇటలీ పండితుడు చేజారే గ్వాస్తి 1863లో కవి చేతిరాతలు చూసి అసలు పాఠం అచ్చువేశాడు. దాని ఆధారంగా 1878లో ఆంగ్ల రచయిత సైమండ్స్ సానెట్లను ఇంగ్లీషులోకి తెచ్చి, ముందుమాటలో ఈ మార్పుల సంగతి బయటపెట్టాడు.

‘తను’తో ఇంకో ప్రమాదం ఉంది. కవయిత్రి విత్తోరియా కొలొన్నా గురించి ఆయన ‘ఒక స్త్రీలో పురుషుడు, కాదు, దేవుడే ఆమె నోట మాట్లాడుతున్నాడు’ అంటాడు. అక్కడ ‘తన నోట’ అని రాశారనుకోండి, అది దేవుడి నోరైపోతుంది!