దవడలు బిగించి ఉండగా వాంతి వస్తే?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. కింది దవడ ముందుకు పెరగడంతో ముందు పళ్లు కలవవు. వచ్చే నెల రెండు దవడలకూ సర్జరీ చేసి, పళ్లను రబ్బర్లతో బిగిస్తామన్నారు. నోరు తెరవలేనప్పుడు వాంతి వస్తే ఎలా? ఇంటికి వచ్చాక నర్సును పెట్టుకోవాలా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ఈ సర్జరీకి పిల్లలను తీసుకొచ్చే తల్లులు ఎముక కోస్తారన్న దానికంటే దీనికే ఎక్కువ భయపడతారు. దవడలు బిగించినా పళ్ల సందుల్లోంచి, చివరి పళ్ల వెనక ఖాళీలోంచి ద్రవం బయటికి వచ్చేస్తుంది. అప్పటికి కడుపులో ఉండేదీ ద్రవమే. వికారంగా ఉందని సైగ చేయగానే లేపి కూర్చోబెట్టి తల ముందుకు వంచాలి. వెల్లకిలా పడుకోనివ్వకూడదు.

ఆసుపత్రిలో ఆ పని నర్సుది. సర్జరీలో కడుపులోకి దిగిన రక్తం వల్ల మొదటి రాత్రి వికారం మామూలే. అందుకే వాంతి మందు వేళ తప్పకుండా ఇస్తారు, మంచం తలవైపు ఎత్తి ఉంచుతారు, నోట్లో చేరే రక్తం, ఉమ్మి లాగేందుకు సక్షన్ గొట్టం సిద్ధంగా పెట్టుకుంటారు. రబ్బర్లు కాక తీగలు కడితే, వాటిని తెంచే కటర్ మంచం పక్కనే ఉండాలి. ఏ తీగ తెంచాలో రాత్రి షిఫ్టు నర్సుకు ముందే చూపించడం సర్జన్ బాధ్యత. చూపించారా అని అడగండి, మొహమాటపడవద్దు. అమ్మాయి సరిగా మాట్లాడలేకపోవచ్చు కాబట్టి చేతికందేలా కాగితం, కలం, పిలుపు గంట ఉంచమనండి.

సాధారణంగా ఇంట్లో నర్సు అవసరం ఉండదు. అయితే డిశ్చార్జికి ముందు రోజే నర్సు దగ్గర కూర్చుని, సిరంజికి మెత్తని గొట్టం తగిలించి బుగ్గ పక్క నుంచి తాగించడం మీ చేత్తో చేసి చూడండి. పలుచని రాగి జావ, వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగ, పాలు కొద్దికొద్దిగా పలుమార్లు పట్టండి. కింది పెదవి మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. అందుకే గోరువెచ్చగానే ఇవ్వాలి. తాగిన ప్రతిసారీ ఉప్పునీటితో పుక్కిలించాలి. చిన్నపిల్లల బ్రష్‌తో ఎప్పటి నుంచి తోమాలో నర్సు చెబుతారు. పై దవడకూ సర్జరీ కాబట్టి కొన్ని వారాలు ముక్కు చీదకూడదు.

వాపు రెండు మూడు రోజుల వరకు పెరుగుతుంది, కంగారుపడకండి. పెదవి స్పర్శ తిరిగి రావడానికి వారాలు, నెలలు పట్టవచ్చు. కొందరిలో కొంత మొద్దుబారడం మిగిలిపోతుంది కూడా. ఎముక అతకడానికి దాదాపు 6 వారాలు పడుతుంది. సర్జన్ చెప్పేవరకు ఏదీ నమలనివ్వకండి.

ఊపిరి అందకపోయినా, ఎర్రటి రక్తం ఆగకపోయినా, తగ్గిన వాపు జ్వరంతో మళ్లీ పెరిగినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరండి. తీగలు కట్టి పంపిస్తే ఆ కటర్‌ను కూడా అడిగి ఇంటికి తెచ్చుకోండి.